అలసటను లెక్కలోకి తీసుకున్న ఇంజనీరు: లిలియన్ గిల్‌బ్రెత్

స్వర్ణోత్సవ సంచికకు నా వృత్తి మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. యంత్రాల గురించి రాస్తే మన తెలుగు మాస్టార్లు కూడా రెండో పేజీ తిప్పరని నాకు తెలుసు. అందుకే యంత్రం పక్కన నిలబడే మనిషి మనసును ఇంజనీరింగ్‌లోకి తెచ్చిన ఒకావిడ గురించి రాస్తున్నాను. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకు లిలియన్ గిల్‌బ్రెత్ పేరు పరీక్ష ముందు రోజు కనబడి, మర్నాడు మాయమవుతుంది. అలా మాయం కావలసిన పేరు కాదు.

ఆవిడ 1878 మే 24న కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో, కలిగిన ఇంట్లో పుట్టారు. మహా బిడియస్తురాలు. తొమ్మిదేళ్లు వచ్చేదాకా చదువంతా ఇంట్లోనే. అలాంటి పిల్ల 1900లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో సాహిత్యం పట్టా పుచ్చుకుంటూ, స్నాతకోత్సవ వేదిక మీద ప్రసంగించిన మొదటి విద్యార్థిని అయింది. 1904లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ను పెళ్లాడారు.

ఈ ఫ్రాంక్ కాలేజీ గడప తొక్కలేదు. పదిహేడేళ్లకు తాపీ పట్టాడు. పని నేర్పే మేస్త్రీలు ఒక్కొక్కరూ ఒక్కో తీరుగా ఇటుక పేర్చడం, అదే మేస్త్రీ తీరిగ్గా చేసేటప్పుడు ఒకలా, తొందరలో ఒకలా చేయడం అతని కంటబడింది. ప్రతి ఇటుకకూ నేల దాకా వంగి లేవడం దేనికని, గోడతోపాటు ఎత్తు పెంచుకోగల పరంజా తయారుచేశాడు. ఇటుకా, మాలూ చేతికందే ఎత్తులో పెట్టించాడు. ఒక ఇటుక పేర్చడానికి పట్టే పద్దెనిమిది కదలికలు నాలుగైదుకు దిగాయి. భర్త పని చూశాక లిలియన్ సాహిత్యం వదిలి మనస్తత్వశాస్త్రం వైపు మళ్లారు. కదలికలు ఆయన చూస్తే, ఆ కదలికల వెనకున్న మనిషిని ఆవిడ చూశారు.

ఆ రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీల్లో టేలర్ పద్ధతి రాజ్యమేలుతోంది. స్టాప్‌వాచ్ పట్టుకుని పనిని సెకన్లలో కొలవడం, దాన్నిబట్టి కూలి కట్టడం. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో ఫౌండ్రీ కార్మికులు ఆ గడియారాన్ని సహించలేక పని ఆపేశారు. సంగతి అమెరికా కాంగ్రెస్ విచారణ దాకా వెళ్లింది. ఇది పాత కథ అనుకోకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కర్మాగారంలో, స్తంభం చాటున నిలబడి స్టాప్‌వాచ్ నొక్కే అధికారిని చూశాను. ఆయన వచ్చాడన్న కబురు ఆయనకంటే ముందే లైను చివరికి చేరేది. అందరి చేతులూ ఒక్కసారిగా నెమ్మదించేవి. ఆయన నోటుపుస్తకంలో రాసుకున్న అంకెలన్నీ కార్మికులు రాయించినవే.

లిలియన్ ఈ జబ్బును ముందే పట్టుకున్నారు. చాటుగా కొలిచిన కొలత పనికిరాదన్నారు. మనిషికి తెలిసే కొలవాలి, ఫలితం అతనికీ చూపాలి, పదిమంది పనిని ఒకే కుప్పగా పోయకుండా ఎవరి పని వారి పేరున నమోదు కావాలి. గిల్‌బ్రెత్ దంపతులు గడియారాన్ని కూడా చట్రంలో పెట్టి పనిని సినిమా తీసేవారు. తన చేతులు ఎలా కదులుతున్నాయో చేసేవాడే తెర మీద చూసుకోవచ్చు. కార్మికుల దగ్గర సలహాలు తీసుకుని మంచివాటికి బహుమతులిచ్చేవారు. నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్ల పదోన్నతి పద్ధతి. ప్రతివాడూ తన పని చేసుకుంటూనే, కిందివాడికి తన పని నేర్పాలి, పైవాడి పని తాను నేర్చుకోవాలి. కిందివాడికి నేర్పితేనే తనకు పైమెట్టు ఖాళీగా దొరుకుతుంది. పనిలోని కిటుకు దాచుకునే అలవాటుకు ఇంతకన్నా మంచి మందు నేను చూడలేదు.

ఇదంతా ఆవిడ డాక్టరేటు కోసం రాసిన సిద్ధాంతగ్రంథం. చివరి ఏడాది అక్కడే ఉండి చదవాలన్న నిబంధన చూపి బర్క్‌లీ పట్టా ఇవ్వలేదు. 1914లో అదే ‘ద సైకాలజీ ఆఫ్ మేనేజ్‌మెంట్’ పుస్తకమైంది. రాసింది ఆడమనిషని తెలియకూడదని ప్రచురణకర్తలు పట్టుబట్టి, పేరు ఎల్.ఎం. గిల్‌బ్రెత్ అని పొడి అక్షరాల్లో వేశారు. మరో పరిశోధన చేసి 1915లో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకున్నారు.

ఈ మధ్యలోనే పన్నెండు మంది పిల్లలు. ఒక పాప 1912లో కంఠసర్పి వ్యాధితో పోయింది. ఇంట్లో నిర్ణయాలకు పిల్లలతో సహా కౌన్సిల్ కూర్చునేది. కంచెకు రంగు వేయడం లాంటి పనులకు పిల్లలు సీల్డ్ టెండర్లు వేసేవారట, తక్కువ కోట్ చేసినవారికి పని! కాంట్రాక్టర్లయిన మన పూర్వ విద్యార్థులు గమనించగలరు.

1924 జూన్ 14న ఫ్రాంక్ రైల్వేస్టేషన్ నుంచి ఆవిడతో ఫోన్లో మాట్లాడుతూనే గుండె ఆగి చనిపోయాడు. ఆఖరి బిడ్డకు రెండేళ్లు. కొద్ది రోజుల్లోనే ఆవిడ ఓడెక్కి, లండన్, ప్రాగ్ సదస్సులకు ఆయన బదులు వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఫ్యాక్టరీల కాంట్రాక్టులు ఒక్కొక్కటే జారిపోయాయి. పదేళ్లకు పైగా తమకు పని చేసిపెట్టిన బుర్ర ఎవరిదో ఆ యజమానులకు తెలియదా అని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆవిడ ఇంట్లోనే శిక్షణ తరగతులు పెట్టారు. మేసీస్ దుకాణంలో అమ్మకపు పనిని అర్థం చేసుకోవడానికి స్వయంగా కౌంటరు వెనక నిలబడ్డారు. ఫ్యాక్టరీలు తలుపులు మూస్తే వంటింటి తలుపు తీశారు. పొయ్యి, సింకు ఎంత ఎత్తులో ఉండాలో తేల్చడానికి నాలుగువేల పైచిలుకు స్త్రీలతో మాట్లాడారు. కాలితో తొక్కితే మూత లేచే చెత్తడబ్బా, ఫ్రిజ్ తలుపులో అరలు ఆవిడ ఆలోచనలుగానే చెబుతారు. విచిత్రమేమిటంటే ఆవిడకు వంట అంతగా రాదు. అందుకే అడిగి తెలుసుకున్నారేమో!

ఒక్క విషయంలో మాత్రం నాకు ఆవిడతో పేచీ ఉంది. అలసట తగ్గి ఉత్పత్తి పెరిగాక ఆ లాభంలో ఎవరి వాటా ఎంత? బోనస్ గురించి రాశారు గానీ, ఆ బోనస్ రేటును యజమాని రేపు మారిస్తే ఏం చేయాలన్నది గట్టిగా తేల్చలేదు. యూనియన్లు ఆ దంపతులను అనుమానంగా చూడటానికి కారణం లేకపోలేదు. నేను జీతాల చర్చల బల్లకు రెండువైపులా కూర్చున్నవాణ్ని కనుక ఇది చెబుతున్నాను.

1935లో పర్డ్యూ విశ్వవిద్యాలయం ఆవిడను ప్రొఫెసరుగా తీసుకుంది. అక్కడి ఇంజనీరింగ్ విభాగానికి తొలి మహిళా ప్రొఫెసరు ఆవిడే. 1965లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీకి ఎన్నికైన మొదటి మహిళా ఆవిడే. 1972 జనవరి 2న, తొంభై మూడేళ్ల వయసులో, అరిజోనాలోని ఫీనిక్స్‌లో కన్నుమూశారు. 1984లో అమెరికా తపాలాశాఖ ఆవిడ బొమ్మతో నలభై సెంట్ల బిళ్ల వేసింది. దాని మీద లిలియన్ అన్న పేరు పూర్తిగానే ఉంది.