సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు

1860 మొదలు మన తెలుగు జిల్లాలనుండి కూలివారనేకులు సముద్రము దాటి నెటాలు చెఱకుతోటలకుఁ బోయిరి. వారి సంతతివారి స్థితినిగూర్చి 1927లో భారత, దక్షిణాఫ్రికా ప్రభుత్వములు కేప్ టౌనునందు ఒడంబడిక చేసికొనఁగా, భారత ప్రతినిధి యొకఁడు అచట నివసించు నేర్పాటు కలిగెను.

శ్రీనివాసశాస్త్రిగారి పిమ్మట 1929లో ఆ పదవి, మద్రాసు రాష్ట్రమున మంత్రిగా నుండిన మన తెలుగువారగు నాయుడుగారికి లభించెను. వారికి సైన్యము లేదు, శాసనాధికారము లేదు, ఉన్నది వాక్కు మాత్రమే. 1932లో ఉభయపక్షములవారు మరల సమావేశమైరి. అయినను ఆ యేఁటనే ట్రాన్స్వాలునందు భారతీయుల భూస్వామ్యమును నిర్బంధించు చట్టము వెలువడెను.

వారు 1937లో మద్రాసు ప్రధానమంత్రియై, 1942లో కీర్తిశేషులైరి. తలఁచినదంతయు నెఱవేఱకున్నను, సంప్రదింపుల ద్వారము మూయకుండుటయే రాయబారి ధర్మమని మేము వారి చరిత్రమువలన నేర్చుకొనుచున్నాము.