తత్త్వబోధక స్వామి మనకు మిగిల్చిన ప్రశ్న



ఈ మధ్య కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు సంఘాలను దర్శించినప్పుడు ఒక యౌవన సహోదరుడు మమ్మల్ని ఆపి తన బాధ చెప్పుకున్నాడు. ఊళ్లో ఏ గొడవ జరిగినా మనది పరదేశపు మతమనీ, పాస్టర్ల వెనుక రాజకీయం ఉందనీ అంటున్నారట. వారికి ఏమని జవాబు చెప్పాలని అడిగాడు. పక్కనే ఉన్న ఒక పెద్దమ్మ మెల్లగా ఇంకో మాట కలిపింది. బయటివాళ్ల మాట అటుంచితే, పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మన గుడిలోనూ కులమే చూస్తున్నాం గదా అయ్యగారూ అన్నది. ఆ ఇద్దరి ప్రశ్నలూ 400 ఏళ్ల క్రితం ఒక కతోలిక గురువుకు ఎదురయ్యాయి. ఆయన జీవితాన్ని ఒకసారి చూద్దాం.

రాబర్ట్ డి నోబిలి 1577లో ఇటలీ దేశంలో గొప్ప ఇంట పుట్టాడు. యేసు సభలో చేరి, 1605లో గోవాలో దిగి, మరుసటి ఏడు మధురై చేరాడు. అప్పుడు మధురైని ఏలుతున్నవారు మన తెలుగు నాయకరాజులే. అక్కడ ఆయనకు ముందే ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు గురువు పదేళ్లకు పైగా సేవ చేస్తున్నాడు. తీరం నుండి వచ్చిన పరవ క్రైస్తవులను ఆయన నమ్మకంగా కాచాడు. ఆ ఊరివారు మాత్రం సువార్తకు చెవి ఒగ్గలేదు.

కారణమేమిటో డి నోబిలి వెదికాడు. జనం పోర్చుగీసువారిని పరంగులు అనేవారు. పరంగి అంటే వాళ్ల దృష్టిలో ఓడలు, తుపాకులు, పరాయి రాజ్యం. తిండిలో తాగుడులో హద్దులేని జాతి. బాప్తిస్మం పొందడమంటే పరంగి కులంలో కలవడమేనని ప్రజలు అనుకున్నారు. బాప్తిస్మమిచ్చేటప్పుడు అడిగే ప్రశ్న కూడా అలాగే ఉండేది. అంటే రక్షకుని నమ్మడానికి ఒక జాతిలో, ఒక రాజ్యం నీడలో చేరవలసి వచ్చేది.

డి నోబిలి ఆ అడ్డు తీయాలని నిశ్చయించుకున్నాడు. కాషాయం కట్టాడు, మాంసం మానాడు, పూట భోజనంతో పూరింట్లో నివసించాడు. తమిళం, తెలుగు నేర్చాడు. శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణ పండితుని దగ్గర సంస్కృతం చదువుకున్నాడు. జనం ఆయనను తత్త్వబోధక స్వామి అన్నారు. తాను పరంగిని కానని ఆయన చాటాడు. నమ్మినవారు జుట్టుముడి, జందెం, చందనం విడువనక్కరలేదని, అవి ఆ సమాజపు మర్యాదలేనని వాదించాడు.

దీనిపై సంఘంలోనే పెద్ద కలహం రేగింది. ఫెర్నాండెజ్ పైవారికి ఫిర్యాదు రాశాడు. 1619లో గోవాలో జరిగిన విచారణలో చాలామంది ఆయనకు ఎదురు తిరిగారు. పోర్చుగీసువారికి తమ జాతి గౌరవం పోతుందన్న బాధ కూడా ఉండెను. చివరికి 1623లో పోపు పదిహేనవ గ్రెగొరీ ఆయన పద్ధతికి అనుమతినిచ్చాడు. అదే పత్రంలో, పై కులాలనుండి వచ్చినవారు తక్కువవారిని చిన్నచూపు చూడవద్దని, ముఖ్యంగా దేవుని మందిరంలో అలా చేయవద్దని వేడుకున్నాడు. అనుమతిని అందరూ పట్టుకున్నారు గాని ఆ వేడుకోలును పట్టించుకున్నవారు తక్కువ.

ఎందుకంటే డి నోబిలి ఇంకో గోడను నిలువనిచ్చాడు. పై కులాలవారికి వేరే గుడి, పరవలకు వేరే గుడి. తాను వారితో కలిసి మెలిసి కనబడితే పై కులాలవారు దూరమవుతారని ఆయన భయం. 1640 నాటికి తక్కువ కులాలనబడినవారి సేవకు పండారస్వాములనే వేరే గురువుల వరుస ఏర్పడింది. సువార్త వారికీ అందింది, నిజమే. అయితే గుమ్మాలు మాత్రం రెండు. ఆయన చెరసాలను కూడా సహించి, కంటిచూపు మందగించి, 1656లో మైలాపూరులో ప్రభువునందు నిద్రించాడు. తరువాత 18వ శతాబ్దంలో ఫ్రెంచి యేసు సభవారు పుంగనూరు వంటి చోట్ల తెలుగువారికి ఈ పద్ధతిలోనే బోధించారు. 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు ఈ ఆచారాలను చాలావరకు ఆపినప్పుడు కూడా, అణగారినవారి కోసం ప్రత్యేక గురువులను పెట్టే ఏర్పాటే జరిగింది.

ప్రియులారా, కతోలికులను వేలెత్తి చూపడానికి మేము ఇది రాయడం లేదు. మన ప్రొటెస్టెంటు సంఘాల్లో ఫలానా కులపు గుడి అని పేరుబడ్డవి లేవా? పాస్టరేటు ఎన్నికలప్పుడు మనం ఓట్లు లెక్కపెట్టుకునేది ఎలా? సమాధుల తోటలో హద్దులు గీసినది ఎవరు? అంతియొకయలో అన్యులతో భోజనపు బల్ల దగ్గర కూర్చున్న పేతురు, కొందరు వచ్చేసరికి భయపడి లేచి వెళ్లాడు. అపొస్తలుడైన పౌలు అందరి ఎదుటే ఆయనను నిలదీశాడు. డి నోబిలిని పట్టుకున్నదీ అటువంటి భయమే. అంత ధైర్యవంతుడు, తన ఇంటిని, వేషాన్ని, భాషను, తిండిని వదులుకున్న మనిషి ఆ ఒక్కచోట వెనుదీశాడు.

ఆ యౌవన సహోదరునికి మా జవాబు ఇది. పరదేశపు మతమన్న నింద తొలగాలంటే, డి నోబిలిలాగా మన ఊరి భాషలో, ఊరి కష్టసుఖాల్లో ఒకరమై బ్రతకాలి. రాజకీయ ఉద్దేశమన్న అనుమానం తొలగాలంటే, ఏ పార్టీకీ సంఘాన్ని ఓట్ల మూటగా అప్పగించకుండా, అన్యాయం జరిగిన ఇంటికి, అది ఏ మతంవారిదైనా, ముందుగా వెళ్లాలి. ఆ పెద్దమ్మకు మాటలతో జవాబు చెప్పడం కష్టం. వచ్చే ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఎవరి పక్కన మోకరిస్తామో, ఆ తరువాత ఎవరి ఇంట అన్నం తింటామో, మన పిల్లలకు ఏ ఇంటినుండి సంబంధం వస్తే సంతోషిస్తామో, అదే ఆమెకు జవాబు. ప్రభువు మనకు ఆ ధైర్యమిచ్చును గాక. ఆమేన్.