డయల్ ఫోన్‌కు రూపమిచ్చిన హెన్రీ డ్రేఫస్

ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట్ గల్లీల్లో ఏ గోడ చూసినా కోచింగ్ బోర్డులే. వాటిలో యూఐ, యూఎక్స్ డిజైన్ కోర్సులూ ఉంటాయి. వాడేవాళ్ల ఇబ్బంది తెలుసుకుని వస్తువు తయారు చేయడమే ఆ చదువు సారం. కంప్యూటర్ తెరలు రాకముందే ఈ పనిని టెలిఫోన్ మీద చేసి చూపించిన మనిషి హెన్రీ డ్రేఫస్.

ఆయన 1904 మార్చి 2న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. నాటకాలకు కావాల్సిన సామాను సరఫరా చేసే కుటుంబం. నార్మన్ బెల్ గెడెస్ దగ్గర రంగస్థల అలంకరణ నేర్చుకున్నారు.

రబ్బరు పట్టా కథ

అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో ఒక సినిమా కంపెనీ ఖరీదైన థియేటర్ కట్టింది. టికెట్ ధర తగ్గించినా జనం రాలేదు, ఎదురుగా ఉన్న పాత హాల్‌కే పోయారు. కారణం కనుక్కోమని డ్రేఫస్‌ను పంపారు. మూడు రోజులు గుమ్మం దగ్గరే నిలబడి జనం మాటలు విన్నారు. తమ బురద బూట్లతో ఆ మెత్తటి తివాచీ ఖరాబు అవుతుందేమోనని రైతులు, కూలీలు జంకుతున్నారు. తివాచీ తీయించి మామూలు రబ్బరు పట్టా వేయించారు. జనం రావడం మొదలైంది.

వద్దన్న వెయ్యి డాలర్లు

1929లో సొంత ఆఫీసు తెరిచారు. లెక్కలు, వ్యవహారాలు చూసిన డోరిస్ మార్క్స్‌నే తర్వాత పెళ్లి చేసుకున్నారు. ఆ రోజుల్లోనే బెల్ టెలిఫోన్ సంస్థ పది మంది కళాకారులను భవిష్యత్ ఫోన్ బొమ్మ గీయమంది, తలా వెయ్యి డాలర్లు ఇస్తామంది. కొత్తగా ఆఫీసు పెట్టినవాడికి అది పెద్ద మొత్తమే. అయినా ఆయన ఒప్పుకోలేదు. లోపలి యంత్రం తెలియకుండా పైతొడుగు గీయలేనని, ఇంజనీర్లతో కూర్చుని పనిచేస్తేనే కుదురుతుందని చెప్పారు. మిగతావాళ్ల బొమ్మలు పనికిరాక, సంస్థ చివరికి ఆయన దగ్గరికే వచ్చింది.

అలా 1937లో మోడల్ 302 వచ్చింది. అంతకుముందు ఫోన్ ఒకచోట, గంట పెట్టె ఇంకోచోట ఉండేవి. ఇందులో గంట కూడా ఫోన్ లోపలే. మొదట లోహంతో, తర్వాత ప్లాస్టిక్‌తో చేశారు. నార్వే చిత్రకారుడు జాన్ హైబర్గ్ ఎరిక్సన్ కోసం అంతకుముందే చేసిన బేకలైట్ ఫోన్ పోలిక ఇందులో కనబడుతుంది.

అసలు పేరు తెచ్చింది 1949 నాటి మోడల్ 500. చెవికి, నోటికి మధ్య దూరం తెలుసుకోవడానికి దాదాపు 2,000 ముఖాలు కొలిచిన లెక్కలు పనికొచ్చాయి. పాత ఫోన్లలో అంకెలు డయల్ రంధ్రాల లోపల ఉండేవి, వేలు తగిలి అరిగిపోయేవి. వాటిని బయటికి జరిపారు. వేలు గురి తప్పకుండా రంధ్రాల మధ్యలో చుక్క పెట్టారు. రిసీవర్ భుజానికి, చెవికి మధ్య ఆగేట్టు చేశారు. గంట మోత తగ్గించుకునే చక్రం అడుగున ఉంది. ఫోన్ కంపెనీదే, ఇంటివాళ్లు కట్టేది కిరాయి. రిపేరు ఖర్చు కంపెనీ మీదే పడేది గనుక గట్టిగా చేశారు. రంగులు 1950లలో వచ్చాయి.

మన ఇళ్లకు వచ్చింది ఈ మోడల్ కాదు. 1948లో బెంగళూరులో మొదలైన ఐటీఐ, బ్రిటన్ కంపెనీ సాయంతో ఫోన్లు చేసింది. కింద డయల్, పైన అడ్డంగా రిసీవర్. కుటుంబం మాత్రం అదే. కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆ జమానాలో పక్కింటి ఫోనే మన పీపీ నంబర్.

చివరి రోజులు

గుండ్రటి హనీవెల్ థర్మోస్టాట్ కూడా ఆయనదే. 1960లో మనిషి శరీర కొలతల పుస్తకం, 1972లో ఏ భాషవాళ్లకైనా అర్థమయ్యే గుర్తుల పుస్తకం తెచ్చారు. అదే ఏడాది అక్టోబర్ 5న, నయంకాని జబ్బుతో ఉన్న డోరిస్‌తో కలిసి తనువు చాలించారు.

ఈరోజు మన ఇళ్లలో నానీ, తాతయ్య పెన్షన్ యాప్ ముందు పరేషాన్ అవుతుంటే, వాళ్లకు ఫోన్ వాడటం రాదని తేల్చేస్తాం. డ్రేఫస్ అయితే యాప్‌ను తప్పుపట్టేవారు. అమీర్‌పేట్‌లో కోర్సు చేస్తున్న పిల్లలు ముందుగా నేర్చుకోవాల్సింది ఇదే: మూడు రోజులు గుమ్మం దగ్గర నిలబడటం.