శ్రీరామానుజుల శ్రవణనిష్ఠ

భక్తిమార్గములు తొమ్మిదింటిలో పెద్దలు శ్రవణమునకే ప్రథమస్థాన మొసగిరి. లోకమంతయు ఎవరి ఉపదేశమును చెవియొగ్గి వినెనో, ఆ భగవద్రామానుజుల జీవితమున సైతము వినుటయే తొలి సాధనము.

1017వ సంవత్సరమున శ్రీపెరుంబుదూరున అవతరించిన యతిరాజులకు యామునాచార్యుల ముఖతః వినుభాగ్యము లభింపలేదు. వారు శ్రీరంగము చేరునప్పటికే యామునులు పరమపదించిరి. కావున యామునుల శిష్యులను ఒక్కొక్కరినే ఆశ్రయించి ఆ మహనీయుని హృదయమును తెలిసికొనిరి. గోష్ఠీపూర్ణుల కడకు 18 పర్యాయములు పోయిన వృత్తాంతము జగత్ప్రసిద్ధము. మేనమామయగు శ్రీశైలపూర్ణుల చెంత తిరుపతిలో ఒక సంవత్సరము శ్రీరామాయణము వినిరి.

అట్టివారికిని వినుటలో ఒక చిక్కు కలిగెను. మాలాధరులు తిరువాయ్‌మొళికి అర్థము చెప్పుచుండగా, ఒక పాశురము కడ రామానుజులు ఆ అర్థము తగదని మరియొక అర్థమును చెప్పిరి. యామునుల వలన తాము వినని మాట యిదియని మాలాధరులు నొచ్చుకొని పాఠము నిలిపివేసిరి. ఇది తెలిసి గోష్ఠీపూర్ణులు శ్రీరంగమునకు విచ్చేసి, ఆ అర్థమును తాము యామునుల వలన వినియున్నామని తెలిపి, పాఠము మరల సాగునట్లు చేసిరి. శిష్యుని మాట సత్యమే. అయినను గురువు మనసు నొచ్చినపుడు పాఠము ఆగెను. మధ్యవర్తి యొకరు ఇరువురి మాటలను ఓపికతో వినినపుడే తెగిన తీగ మరల కలిసెను.

కాలక్రమమున రామానుజులే ఆచార్యపీఠ మధిష్ఠించిరి. శ్రీభాష్యమును వారు చెప్పుచుండగా కూరేశులు వ్రాయుచుండిరి. తమకు సమ్మతము కాని మాట వచ్చినచో గంట మాపవలెనని కూరేశులకు ముందే నియమము. ఒకనాడు జీవస్వరూపమును జ్ఞాతృత్వముగా మాత్రమే చెప్పి, భగవంతునకు శేషమను ధర్మమును చెప్పకుండుటచే కూరేశుల గంట ఆగెను. రామానుజులు ఆగ్రహించి, కావలసినచో భాష్యమును తామే వ్రాసికొనుమని పలికి లేచిపోయిరని గురుపరంపర చెప్పును. కూరేశులు బదులు పలుకలేదు. శేషవస్తువును స్వామి ఏమి చేసినను తగునని భావించి ఊరకుండిరి. పిమ్మట ఆచార్యులు ఏకాంతమున విచారించి, శిష్యుని మౌనములోని సత్యమును గ్రహించి, తిరిగివచ్చి ఆ అర్థమును చేర్చి భాష్యమును సాగించిరి.

గురువుల మాట వినుట సులభము, వారు పెద్దలు. తనకంటె చిన్నవాడు నోరు మెదపకయే తెలుపు తప్పును వినుట కష్టము. దానిని సాధించుటయే యతిరాజుల గొప్పతనము.

గృహమున తల్లిదండ్రులు, సంతానము, కోడలు, అల్లుడు మాటాడునపుడు వాక్యము ముగియకమునుపే బదులు వెదకుట మన అలవాటు. ఎదుటివారు ఆగినపుడు ఎందుకాగిరో ఒక్క క్షణము ఆలోచించినచో చాలు. శ్రీమన్నారాయణుని కథను విను చెవికి, ఇంటిలోని వారి మాటను వినుటయు సేవయే.