పోగు తెగితే ఆగిన మగ్గం

షోలాపూర్, భివండి మరమగ్గాల మధ్య పెరిగే మన పిల్లలకు పడుగు, పేక అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక్క పోగు తెగింది ఎవరూ చూడకపోతే గుడ్డ ఎలా పాడవుతుందో వాళ్లకు తెలుసు. ఆ తప్పును మగ్గమే కనిపెట్టేలా చేసినవారిలో ముఖ్యుడు జపాన్‌కు చెందిన సకిచి టొయోడా.

ఆయన 1867లో ఇప్పటి షిజువొకా ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టారు. తండ్రి వడ్రంగి. తల్లి మగ్గం నేసేది. సకిచి ప్రాథమిక పాఠశాలతోనే చదువు ఆపి తండ్రి దగ్గర పనిలో చేరారు. 1890లో టోక్యోలో పారిశ్రామిక ప్రదర్శన జరిగినప్పుడు రోజూ వెళ్లి యంత్రాలను పరిశీలించారు. ఆ ఏడాదే ఒంటిచేత్తో నేయగల చెక్క మగ్గం తయారుచేశారు. మరుసటి ఏడాది దానికి పేటెంటు వచ్చింది.

1896లో ఆయన చేసిన మరమగ్గం పేక దారం తెగినా, అయిపోయినా తనంతట తానే ఆగేది. 1924లో కొడుకు కీచిరోతో కలిసి పూర్తిచేసిన మగ్గం, నడుస్తుండగానే నాడెను మార్చుకునేది. అందులో పడుగు పోగులకు పల్చటి లోహపు రేకులు వేలాడేవి. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు పైనే నిలిచేది. తెగితే జారిపడేది. వెంటనే మగ్గం ఆగిపోయేది. దారాల మీదే చూపు నిలిపి కాపలా కాయడం తప్పింది. ఒక్కరే 30 మగ్గాలు చూసుకోగలిగారు. అంటే, అన్ని చేతుల అవసరమూ తగ్గింది.

1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఈ మగ్గం హక్కుల కోసం 1,00,000 పౌన్ల ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది సకిచి కన్నుమూశారు. కీచిరో కార్ల తయారీకి మళ్లారు. 1937లో టొయోటా మోటార్ కంపెనీ ఏర్పడింది.

నేటి సీఎన్‌సీ లేత్‌లో కోత పనిముట్టు మొద్దుబారితే మోటారుకు కరెంటు ఎక్కువ కావాలి. యంత్రం అదిరే తీరూ మారుతుంది. సెన్సార్లు ఈ తేడాను పసిగట్టి, ముక్క పాడవకముందే యంత్రాన్ని ఆపించగలవు. ఆనాడు రేకు చేసిన పనే ఇది.

సెన్సార్ పాఠం చెప్పే టీచర్లు ముందుగా బోర్డు మీద ఒక పోగు, దానికి వేలాడే రేకు గీసి చూపండి. పడుగు, పేక, నాడె... సగం పాఠానికి కావలసిన మాటలు చాలామంది పిల్లల ఇళ్లలోనే ఉన్నాయి.