లెక్క అడిగిన డాక్టరుగారు

కొత్తగూడెం నుంచి సత్తుపల్లి గనులకి వేసిన రైలుదారి మా చండ్రుగొండ మీదుగానే పోతుంది. బొగ్గు వ్యాగన్లు చూసినప్పుడల్లా నాకు అఘోరనాథ్ చటోపాధ్యాయ గుర్తొస్తారు. ఎవరాయన అంటారా? మన సరోజినీ నాయుడు నాన్నగారు.

బెంగాలీ. ఎడింబరోలో సైన్సు డాక్టరేటు పుచ్చుకుని హైదరాబాదు వచ్చారు. ఆయన నడిపిన ఇంగ్లీషు బడే తర్వాత నిజాం కాలేజీకి పునాది అయ్యింది. భార్య వరదసుందరీ దేవి. ఇంటినిండా ఎప్పుడూ వచ్చేపోయే జనమే. ఆడపిల్లల చదువు కోసం కూడా ఆయన పాటుపడ్డారు.

1883లో దివాను సాలార్‌జంగ్ పోయారు. నిజాం ఇంకా మైనరు. ఆ రోజుల్లోనే చాందా రైల్వే బేరం నడుస్తోంది. రైలు వేసేది లండన్ కంపెనీ. దాని పెట్టుబడికి ఇరవై ఏళ్లపాటు నూటికి 5 వడ్డీ వస్తుందని పూచీ పడేది మాత్రం నిజాం ఖజానా. రాబడి చాలకపోతే రైతు కట్టిన శిస్తులోంచి పూడ్చాలన్నమాట! ఆ కాయితాలు జనానికి చూపించమని అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటివాళ్లు అడిగారు. అంతే, ఆ మే నెలలో అఘోరనాథ్‌ని రాజ్యం దాటించేశారు. అప్పటికి సరోజినికి నాలుగేళ్లు. పసిపిల్లలతో ఆ ఇల్లాలు ఎంత అవస్థ పడిందో ఊహించుకోండి.

బేరం నడిపిన పెద్దమనిషి అబ్దుల్ హక్, నిజాం సర్కారు ఉద్యోగే. 1886లో గనుల హక్కులు లండన్ వాళ్లకి దక్కడంలోనూ ఆయన చెయ్యి ఉంది. మన ఇల్లెందు బొగ్గూ అందులోకే పోయింది. కంపెనీ లక్ష షేర్లలో 85,000 షేర్లు హక్కులు సంపాదించినవాళ్లకే, పైకం కట్టినట్టు రాసి ఇచ్చేశారు. అబ్దుల్ హక్ తన షేర్లని తన సర్కారుకే ఎక్కువ ధరకి అంటగట్టాడు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారించేసరికి గుట్టంతా రట్టయ్యింది.

అఘోరనాథ్‌ని తర్వాత మళ్లీ రానిచ్చారు. అయినా ఆయన నోరు కట్టేసుకోలేదు. చివరికి కలకత్తా చేరి 1915లో కన్నుమూశారు. రెండేళ్లకి, 1917లో, ఆయన కూతురు మద్రాసులో మాంటేగుని కలిసిన మహిళల బృందానికి ముందు నిలిచి, ఆడవాళ్లకీ మగవాళ్లతో సమానంగా ఓటు కావాలని అడిగింది. సర్కారు దగ్గరికి అబ్దుల్ హక్ కూడా వెళ్లాడు, తలుపులు మూసుకుని. ఈవిడ పదిమందీ చూస్తుండగా వెళ్లింది.

మనలాంటి ఏజెన్సీ ఊళ్లలో భూమి తీసుకునే ముందు గ్రామసభని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. సభ జరిగిన రోజున మగవాళ్లని పంపేసి మనం వంటింట్లో ఉండిపోతే ఎలాగమ్మా? వెళదాం. సంతకం పెట్టేముందు ఆ కాయితం పైకి చదవమందాం.