నక్షత్రాల వేడి లెక్కగట్టిన సాహా

మేఘనాద్ సాహా 1893లో ఢాకా దగ్గరి పల్లెలో, చిన్న కిరాణా కొట్టు నడిపే ఇంట్లో పుట్టారు. పెద్ద బడి రోజూ వెళ్ళి రాలేనంత దూరం. అక్కడి డాక్టరు అనంతకుమార్ దాస్ ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టారు. బదులుగా ఆవును చూసుకోవాలి. కులం వేరు కాబట్టి తిన్న కంచం తనే కడుక్కోవాలి. తర్వాత కలకత్తా హాస్టల్లోనూ కొందరు విద్యార్థులు ఆయనతో కలిసి భోంచేయడానికి ఒప్పుకోలేదు. కాలేజీ చదువులు చదివేవాళ్ళే మరి!

1920లో సాహా ఇచ్చిన సమీకరణంతో, నక్షత్రాల వెలుగులో కనిపించే గీతలను బట్టి వాటి ఉష్ణోగ్రత లెక్కకట్టడం వీలైంది. అంత పేరొచ్చాక ప్రయోగశాలకే పరిమితమైనా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మాత్రం 1935లో 'సైన్స్ అండ్ కల్చర్' పత్రిక పెట్టి వరదలు, నదులు, విద్యుత్తు వంటి జనం సమస్యలు చర్చకు తెచ్చారు. ఆయన జీవితంలో మనకు బాగా నచ్చేది ఇదే. 1952లో లోక్‌సభకు గెలిచారు.

1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళ్తూ దారిలోనే కుప్పకూలారు. ఆయన అధ్యక్షతన కమిటీ సిఫారసు చేసిన శక సంవత్సరపు జాతీయ క్యాలెండరు మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది.